ఇంటి తిండే తింటున్నా షుగర్ ఎందుకు పెరిగింది?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. అనంతపురంలో ఉంటాం, ఇంట్లో నలుగురం. బయట తినే అలవాటు లేదు. అయినా మొన్న మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చింది. పల్లెలో ఉండే మా అత్త, సంగటి తినేవాళ్లకు షుగర్ రాదంటుంది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మరిది ఓట్స్ తినమంటాడు. ఎవరి తిండి మంచిది?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు టెన్షన్ పడకండి. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్ వ్యాధికి ముందు దశ అంటాం. ఇప్పుడు జాగ్రత్తపడితే చాలామందిలో వెనక్కి తగ్గుతుంది. రక్తహీనత ఉన్నా ఈ పరీక్షలో అంకె కాస్త ఎక్కువ చూపించవచ్చు. కాబట్టి హిమోగ్లోబిన్, పరగడుపు షుగర్ కూడా చేయించండి.

ఇక తిండి సంగతి. మీ ముగ్గురూ ఎవరి తిండికి వాళ్లే మార్కులు వేసుకుంటున్నారు. మీరు హోటల్ తిండితో పోల్చుకుంటున్నారు, మరిది తోటి ఉద్యోగులు తెప్పించుకునే పిజ్జాలతో పోల్చుకుంటూ ఉండొచ్చు, అత్తగారికి సంగటి మీద చిన్నప్పటి నుంచీ ఉన్న నమ్మకం. నా దగ్గరికి వచ్చే కూలిపనివాళ్లయితే కడుపు నిండితే బాగా తిన్నామనే అంటారు. ఎవరూ అబద్ధం చెప్పరు, కొలిచే పద్ధతే వేరు. అమెరికాలో 9,700 మందికి పైగా పెద్దవాళ్లను మీ తిండి ఎంత మంచిదని అడిగి, నిజంగా తిన్నదాంతో పోల్చి 2022లో ఫలితాలు చెప్పారు. దాదాపు 85 శాతం మంది అంచనా తప్పింది. తప్పినవాళ్లలో దాదాపు అందరూ తమ తిండికి ఎక్కువ మార్కులే వేసుకున్నారు. ‘నా తిండి బాలేదు’ అన్నవాళ్ల మాట మాత్రం చాలావరకు నిజమైంది.

అందుకే తిండి పేరు కాదు, కొలత చూడమంటాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు కావాలి. అంటే మీ నలుగురికి వారానికి 11 కిలోల పైచిలుకు. రైతుబజారు నుంచి మీ సంచిలో అంత వస్తోందా? చాలా ఇళ్లలో సగం కూడా రాదు. అన్నం ఎక్కువ, కూర తక్కువ, కాస్త ఊరుబిండి, చారు, మజ్జిగ. మన ఇంటి భోజనంలో నాకు కనిపించే అసలు లోటు ఇదే. నూనె మనిషికి రోజుకు 27 గ్రాములు చాలు, అంటే మీ ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. గానుగలో ఆడించిన చెనిక్కాయ నూనె అయినా లెక్క మారదు. మూడు పూటలా రెండేసి స్పూన్ల చక్కెరతో టీ తాగితే అక్కడే 30 గ్రాములు. 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పొద్దున ఉగ్గాని తిన్న రోజు ఒకసారి ఆలోచించండి. బొరుగులు బియ్యమే కదా, షుగర్‌ను తొందరగా పెంచుతాయి. పక్కన బజ్జీలుంటే నూనె కూడా చేరుతుంది.

సంగటి మంచిదే. రాగుల్లో కాల్షియం, పీచు బాగా ఉంటాయి. కానీ చాలా ఇళ్లలో ముద్దలో బియ్యమూ గట్టిగానే పడుతుంది. చేను పనికి పోయిన రోజుల్లో తిన్న రెండు ముద్దలే ఇప్పుడు కూర్చుని తింటే షుగర్ పెరుగుతుంది. ముద్ద చిన్నది చేసి, పక్కన పప్పు, పుండికూర ఎక్కువ పెట్టుకోమనండి. ఓట్స్ కూడా మంచివే, తియ్యటి ప్యాకెట్ రకాలు వద్దు. అయితే వాటి కోసం మీరు ప్రత్యేకంగా ఖర్చు పెట్టక్కర్లేదు. ఆ డబ్బుతో ఆకుకూరలు, కందిబేడలు, చీనీకాయలు కొనుక్కోండి. చీనీకాయ రసం తీయకుండా తొనలు తొనలుగా తినండి.

మూడు రోజులు తిన్న ప్రతిదీ, టీతో సహా, ఒక కాగితం మీద రాసి మీ డాక్టర్‌కు చూపించండి. నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే అది కూడా చెప్పండి. రోజూ అరగంట చురుగ్గా నడవండి. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి. ఈలోగా దాహం, మూత్రం ఎక్కువైనా, బరువు ఊరికే తగ్గుతున్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. సంగటి తింటుంది కదా అని అత్తగారిని వదిలేయకండి, ఆమెకూ షుగర్, బీపీ చూపించండి.