ఎన్డోట్షేని లోయలోని ఎర్రమట్టి

అలన్ పేటన్ 1948లో ప్రచురించిన ‘క్రై, ద బిలవ్డ్ కంట్రీ’ నవలలో దక్షిణాఫ్రికాలోని జాతి వివక్ష ఎలా కనిపిస్తుందని మీరు అడిగారు. ఎం.ఏ.లో ఉండగా నేను దీన్ని ఒక హత్య, విచారణ, ఉరిశిక్షల కథగానే చదివాను. తర్వాత డిగ్రీ విద్యార్థులకు పాఠం చెప్పవలసి వచ్చి మళ్ళీ తెరిచినప్పుడు మొదటి పుటలోని నేల దగ్గరే ఆగిపోయాను.

ఇక్సోపో కొండల మీద గడ్డి దట్టంగా పెరిగి, వాన నీటిని పట్టి ఉంచుతుంది. దిగువ ఎన్డోట్షేని లోయలో మట్టి కోసుకుపోయి, ఎర్రగా, బోడిగా పడి ఉంటుంది. పైనున్నది తెల్లవారి భూమి, కిందిది నల్లవారిది. ప్రకృతి వర్ణనే కదా అని దాటిపోయే ఈ తేడా వెనుక 1913 నాటి భూమి చట్టం ఉంది. దేశంలో అధిక సంఖ్యాకులైన నల్లవారికి అది కేటాయించిన నేల సుమారు 7 శాతం. 1936లో ఆ పరిమితిని దాదాపు 13 శాతానికి పెంచారు. లోయలో మొక్కజొన్న మనిషి ఎత్తు కూడా ఎదగదు కాబట్టి వయసులో ఉన్నవాళ్ళందరూ బంగారు గనులున్న జొహన్నెస్‌బర్గ్ దారి పడతారు.

మాది పాలమూరు. కరువు సంవత్సరాల్లో సగం ఊరు వలస పోవడం చిన్నతనంలో చూసినందువల్ల, ఆ లోయలోని చర్చి మతగురువు, నల్లవాడైన ఫాదర్ కుమాలో ఇంటికి జొహన్నెస్‌బర్గ్ నుంచి ఉత్తరం వచ్చిన ఘట్టం నన్ను ఇప్పటికీ వదలదు. దాన్ని విప్పడానికి భార్యాభర్తలిద్దరికీ ధైర్యం చాలదు. జొహన్నెస్‌బర్గ్ వెళ్ళి తిరిగి రాని కొడుకు అబ్సలోం చదువు కోసం డబ్బాలో దాచిన 12 పౌండ్ల 5 షిల్లింగుల 7 పెన్నీలు ఇక ఆ చదువుకు అక్కరకు రావని ఆ రోజే ఇద్దరూ ఒప్పుకుంటారు.

ఆ అబ్సలోమే దొంగతనానికి వెళ్ళి, భయంతో తుపాకి పేల్చి, నల్లవారి హక్కుల కోసం రాస్తున్న తెల్ల ఇంజనీరు ఆర్థర్ జార్విస్‌ను చంపుతాడు. కోర్టులో తెల్లవారు ఒక పక్క, తక్కినవారు మరొక పక్క కూర్చుంటారు. న్యాయమూర్తి ఓపికగా వింటాడు, ఎక్కడా విధి తప్పడు. సమాజాన్ని సరిదిద్దడం తన పని కాదని, చట్టాన్ని అమలు చేయడమే తన పని అని చెబుతాడు. వెంట వెళ్ళిన ఇద్దరూ సాక్ష్యం చాలక విడుదలవుతారు, నిజం ఒప్పుకున్నవాడికి ఉరిశిక్ష పడుతుంది. నా దృష్టిలో నవలకు ప్రాణం ఇక్కడే ఉంది: ఆ గదిలో ఎవరూ దుర్మార్గులు కానక్కరలేదు, అన్యాయమంతా అంతకు ముందే భూమిలో, గనుల్లో, చెదిరిన కుటుంబాల్లో జరిగిపోయింది. నల్లజాతి బాలనేరస్థుల కోసం నడిచే డీప్‌క్లూఫ్ సంస్కరణాలయానికి 1935 నుంచి అధిపతిగా ఉన్న పేటన్‌కు అటువంటి పిల్లలు ఎక్కడి నుంచి వస్తారో బాగా తెలుసు.

నవల వచ్చిన కొద్ది నెలలకే, 1948 మేలో, నేషనల్ పార్టీ గెలిచి జాతులను చట్టం ద్వారా వేరుచేసే అపార్థైడ్‌ను ప్రభుత్వ విధానంగా చేసింది. నవలలో ఉన్నదంతా అంతకు ముందటిదేనని చెప్పినప్పుడు మా విద్యార్థులు నమ్మలేకపోయేవారు.

అయితే ఒక అసంతృప్తిని దాచలేను. హక్కుల గురించి గట్టిగా మాట్లాడే నల్లవాడైన జాన్ కుమాలోను, ఫాదర్ కుమాలో సోదరుణ్ణి, పేటన్ స్వార్థపరుడిగా చిత్రించి, లోయకు సాయమంతా ఆర్థర్ తండ్రి చేతుల మీదుగా రప్పించాడు. పసిపిల్లలకు పాలు పంపేది, ఆనకట్ట తలపెట్టేది, వ్యవసాయం నేర్పే మనిషిని కుదిర్చేది ఆయనే. ఆ పాలు ఏ కొండ మీది గడ్డి మేసిన ఆవులవో, ఆ కొండ ఇంకా ఎవరి చేతిలో ఉందో చదువుతున్నప్పుడు గమనించండి.