టెక్సాస్‌లో సిటీ పైపు ఇంటి ముందే ఉన్నా కనెక్షన్ ఎందుకివ్వరు?

మీరు అడిగింది ఇదీ: డాలస్‌కి ఉత్తరాన కాలిన్ కౌంటీలో రెండెకరాల స్థలం కొన్నారు, అది సిటీ లిమిట్స్‌లోనే ఉంది, రోడ్డు వెంబడే సిటీ పైపు. సిటీ వాళ్లేమో మీది వాటర్ సప్లై కార్పొరేషన్ (పల్లెల్లో నీళ్లిచ్చే, మెంబర్లే నడుపుకునే సంస్థ) ఏరియా, మేం ఇవ్వకూడదంటున్నారు, కార్పొరేషన్ వాళ్లేమో లైను పొడిగించాలంటూ భారీగా డబ్బు అడుగుతున్నారు, ఎదురుగా కొత్త సబ్‌డివిజన్ ఇళ్లకి మాత్రం సిటీ నీళ్లే వస్తున్నాయి. కార్పొరేషన్‌కి ఫెడరల్ లోన్ ఉంది కాబట్టి ఎవరూ ఏమీ చేయలేరని మీ ఫ్రెండ్ అన్నాడు, నిజమేనా అని.

సగం నిజమండి. మేం పక్క కౌంటీలో ఇలాంటి ఏరియాలోనే ఇల్లు కట్టుకుని ఈ గొడవంతా పడ్డాం, ఆ అనుభవంతో చెప్తున్నా, లాయర్‌ని కాను.

మీకు అడ్డొస్తున్నది మొదట రాష్ట్ర చట్టం, లోన్ సంగతి ఆ తర్వాత. ఫలానా ఏరియాలో నీళ్లిచ్చే హక్కు ఫలానా సంస్థదే అని టెక్సాస్ పబ్లిక్ యుటిలిటీ కమిషన్ సీసీఎన్ అనే సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ ఏరియాలోకి ఇంకొకరు, సిటీ అయినా సరే, అనుమతి లేకుండా పైపు వేసి నీళ్లివ్వడానికి లేదు. సిటీ మిమ్మల్ని తన హద్దుల్లో కలుపుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. అంటే కార్పొరేషన్ రేపు లోనంతా కట్టేసినా సర్టిఫికెట్ అలాగే ఉంటుంది. కమిషన్ సైట్‌లో మ్యాప్ ఉంది, మీ అడ్రస్ కొట్టి చూసుకోండి. అసలు ఇది అమ్మేవాళ్లు అమ్మకానికి ముందే నోటీసుగా ఇవ్వాల్సిన విషయం, మీ కాగితాల్లో ఉందేమో వెతకండి.

దాని మీద ఫెడరల్ చట్టం. 1961లో వచ్చింది. పల్లెల్లో నీళ్ల సంస్థలకు వ్యవసాయ శాఖ, అదే యూఎస్‌డీఏ, 40 ఏళ్ల దాకా గడువుతో అప్పులిస్తుంది. ఆ అప్పు తీరేవరకు, పక్క సిటీ విస్తరించిందని ఆ సంస్థ సేవను కోత పెట్టకూడదు అని చట్టం. మొదట్లో నాకు ఇది ఒళ్లు మండే రూల్ అనిపించింది కానీ, మా కార్పొరేషన్ లెక్కలు చూశాక అర్థమైంది. చీటీలో బాగా కట్టేవాళ్లు మధ్యలో మానేస్తే మిగతావాళ్ల గతి ఏమిటో మనకి తెలుసు కదా, ఇదీ అంతే. దగ్గర దగ్గరగా ఇళ్లున్న లాభసాటి వీధుల్ని సిటీ లాగేసుకుంటే, మైలుకో ఇల్లున్న రైతులు ఆ వాయిదాలు కట్టాలి.

కాకపోతే ఈ రక్షణని కొన్ని సంస్థలు వాడుకునే తీరు మాత్రం నాకు నచ్చదు. పైపు లేదు, వేసే స్తోమతా లేదు, కానీ సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఎవర్నీ రానివ్వం అంటారు. 1996 నుంచి ఇక్కడి ఫెడరల్ అప్పీల్ కోర్టు దానికి సరే అంది కూడా. 2020లో శాన్ ఆంటోనియో దగ్గరి షెర్ట్జ్ సిటీ, గ్రీన్ వ్యాలీ అనే నీళ్ల సంస్థ కేసులో ఆ పాత తీర్పుని అదే కోర్టు కొట్టేసింది. ఇప్పుడు ఫెడరల్ రక్షణ కావాలంటే అప్పు, హక్కు ఉంటే చాలదు, అడిగాక సహేతుకమైన సమయంలో సర్వీస్ ఇవ్వగల ఏర్పాట్లు కూడా ఉండాలి.

ఇక ఎదురు సబ్‌డివిజన్ సంగతి. కనీసం 25 ఎకరాలుండి, దానికి సర్వీస్ అందకపోతే, కొన్ని కౌంటీల్లో (పెద్ద నగరాల చుట్టూ ఉన్నవి) ఆ భూమిని సర్టిఫికెట్ నుంచి తప్పించమని యజమాని కమిషన్‌ని అడగొచ్చు, 60 రోజుల్లో తేల్చేస్తారు, కార్పొరేషన్‌కి పరిహారం కట్టమనవచ్చు. డెవలపర్లు వాడే దారి ఎక్కువగా అదే. రెండెకరాల వాళ్లకి ఆ దారి లేదు, అన్యాయమే, కానీ చట్టం అలా ఉంది.

మీలాంటి వాళ్లకి మిగిలింది, సిటీ, కార్పొరేషన్ రెండూ ఏరియా మార్చుకుంటూ ఒప్పందం రాసుకుని కమిషన్ ఆమోదం తెచ్చుకోవడం. మా రోడ్డుకి అదే జరిగింది. ఒక్కరం అడిగితే ఎవరూ పట్టించుకోలేదు, రోడ్డు మీది ఇళ్లవాళ్లమంతా కలిసి రెండు చోట్లా రాశాం. మేం పట్టుబట్టిన పాయింటు ఫైర్ హైడ్రెంట్, అంటే మంటలార్పడానికి రోడ్డు పక్కన ఉండే నీళ్ల పంపు. మా దగ్గరున్నది సన్న పైపు, హైడ్రెంట్ పెడితే ప్రెషర్ చాలదు, ఇంటి ఇన్సూరెన్స్ మీద కూడా ఆ ప్రభావం పడింది. కార్పొరేషన్ చివరికి యూఎస్‌డీఏని కూడా అడిగి ఒప్పుకుంది. నెలలు పట్టింది, ఈలోగా టెన్షన్ మామూలుగా లేదు. కనెక్షన్ తీసుకుంటే మీరూ కార్పొరేషన్ మెంబరే, బోర్డు ఎన్నికలో మీకూ ఓటుంటుంది, మీటింగ్‌లకి మనవాళ్లెవరూ రారు గానీ వెళ్తే మాట వింటారు.

ముందుగా రెండు కాగితాలు సంపాదించండి. లోన్ ఇంకా ఉందా, ఎప్పటికి తీరుతుంది అన్నది ఒకటి. ఇలాంటి కార్పొరేషన్లకీ టెక్సాస్ సమాచార చట్టం సాధారణంగా వర్తిస్తుంది, ఈమెయిల్‌లో అడగొచ్చు. రెండోది, లైను పొడిగింపుకి వాళ్ల ఇంజనీర్ వేసిన అంచనా. మామూలు మెంబర్‌షిప్, ట్యాప్ (కనెక్షన్) ఫీజులు కాకుండా అడిగే ఈ ఖర్చు మీద కమిషన్‌కి అప్పీల్ చేయొచ్చు, కానీ వాళ్లు రాతపూర్వకంగా చెప్పిన రోజు నుంచి 90 రోజుల్లోపే. మీకు ఆ ఉత్తరం వచ్చిన తేదీ ఈ రోజే చూసుకోండి.