టెస్టులన్నీ నార్మలే, మరి ఒళ్ళంతా ఈ నొప్పులెందుకు?

కొత్తగా అమెరికా వచ్చిన మనవాళ్ళు అడిగే సందేహాల్లో వీసా, క్రెడిట్ స్కోరు తర్వాత ఎక్కువగా వచ్చేది ఇదే. కాకపోతే సూటిగా ఎవరూ అడగరు. "అక్కా, ఇక్కడ మంచి ఆర్థోపెడిక్ డాక్టర్ ఎవరైనా తెలుసా?" అని మొదలుపెడతారు. మెడ పట్టేసి నెలలైందంటారు, సాయంత్రమయ్యేసరికి తల పగిలిపోతోందంటారు, తిన్నది అరగట్లేదంటారు. రక్తపరీక్షలు బాగానే వచ్చాయి, ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఇంకాసేపు మాట్లాడనిస్తే అసలు సంగతి బయటికొస్తుంది: ప్రాజెక్టు అయిపోతోంది, ఊళ్ళో పొలం తాకట్టు పెట్టి తెచ్చిన లోను ఉంది, నాన్న పోయినా, వీసా స్టాంపింగ్ దొరక్క తిరిగి రాలేనేమోనన్న భయంతో వెళ్ళలేకపోయాను.

ఈ రెండూ వేరువేరు విషయాలనుకుంటారు చాలామంది. కాదు.

నేను డాక్టర్ని కాదు, ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉంటూ నలుగురితో ఆస్పత్రులకు తోడు వెళ్ళినదాన్ని, అంతే. ముందు ఒక మాట: "నీకేం లేదు, అంతా నీ మనసులోనే ఉంది" అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఆ నొప్పి నిజమైనదే. దిగులుగా, భయంగా ఉన్నప్పుడు భుజాలు, మెడ, దవడ కండరాలు మనకు తెలియకుండానే బిగుసుకుని గంటల తరబడి అలాగే ఉంటాయి, అవి నొప్పెట్టక ఏం చేస్తాయి? నిద్ర చాలకపోతే మామూలుగా పట్టించుకోని నొప్పి కూడా పెద్దదిగా తెలుస్తుంది. మూడ్‌కు సంబంధించిన సెరొటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలకే మెదడు నుంచి వెన్నులోకి వెళ్ళి నొప్పిని అదుపు చేసే పని కూడా ఉంది. డిప్రెషన్‌కు ఇచ్చే డ్యులోక్సెటిన్ అనే మందును ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న నడుము నొప్పికి, షుగరు వల్ల వచ్చే నరాల నొప్పికి కూడా రాస్తారు. అంచేత డాక్టరు ఆ మందు రాస్తే "నాకు పిచ్చి అనుకుంటున్నాడా" అని కోపం తెచ్చుకుని చీటీ చించేయకండి. ఇది రెండువైపులా నడుస్తుంది కూడా. ఏడాదిపాటు నడుము నొప్పితో సరిగా నిద్రపోనివాళ్ళకు మనసు దిగాలు పడకుండా ఉంటుందా?

అయితే అన్నీ టెన్షన్ ఖాతాలో వేయడం ఇంకా ప్రమాదం. ముఖ్యంగా ఛాతీ నొప్పి. మనవాళ్ళకు గుండెజబ్బులు మిగతావాళ్ళకంటే చిన్నవయసులోనే వస్తాయి. చెమటలు పట్టి, ఊపిరాడక, నొప్పి చేతికో దవడకో పాకుతుంటే గ్యాసులే అనుకుని ఈనో తాగుతూ కూర్చోకుండా 911కి ఫోన్ చేయండి, బిల్లు సంగతి తర్వాత చూసుకోవచ్చు. నడుము నొప్పితోపాటు కాళ్ళలో పట్టు తప్పినా, మూత్రం అదుపు తప్పినా, ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా అంతే. ఇవేవీ లేకపోతే ఫ్యామిలీ డాక్టర్‌తో మొదలుపెట్టండి, వాళ్ళను ఇక్కడ పీసీపీ అంటారు. థైరాయిడ్, బి12, డి విటమిన్ చూడమని అడగండి. శాకాహారుల్లో బి12 తక్కువ కావడం మామూలే, దానివల్లే తిమ్మిర్లూ నీరసమూ రావచ్చు.

ఎంఆర్ఐ కోసం మాత్రం పట్టుబట్టకండి. నొప్పి ఏమాత్రం లేని 40 ఏళ్ళవాళ్ళకు స్కాన్ తీసినా దాదాపు సగం మందిలో డిస్క్ బల్జ్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ ఉబ్బడం, కనిపిస్తుందని 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష తేల్చింది. ఆ రిపోర్టు చేతికొచ్చాక మనవాళ్ళు వంగడం మానేస్తారు, నడక మానేస్తారు, నొప్పి ఇంకా ముదురుతుంది. డిడక్టబుల్, అంటే ఇన్సూరెన్స్ వాళ్ళు కట్టడం మొదలుపెట్టేముందు ఏటా మనం భరించాల్సిన మొత్తం, తీరకపోతే ఆ స్కాన్ ఖర్చంతా జేబులోంచే.

ఇప్పుడు అసలు విషయం. వెయిటింగ్ రూములో పేరు, ఇన్సూరెన్స్ కాగితాలతోపాటు ఒక ఫారం ఇస్తారు. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా ఉందా, నిద్ర పడుతోందా, ఇలా తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. మనవాళ్ళు పెన్ను తీసుకుని కిందిదాకా సున్నాలు దిగ్గొట్టేస్తారు. పక్కనే ఆయన కూర్చున్నాడనో, కంపెనీకి తెలుస్తుందనో, గ్రీన్‌కార్డుకు అడ్డనో. లోపలికెళ్ళి మాత్రం నొప్పి, నొప్పి అంటారు. డాక్టరుకు ఉండేది పావుగంటో ఇరవై నిమిషాలో. చేతిలో సున్నాల ఫారం, ఎదురుగా నడుము పట్టుకున్న మనిషి. ఆయన స్కాన్ రాయక ఏం రాస్తాడు?

మీ అనుమతి లేకుండా డాక్టరు మీ వివరాలు మీ మేనేజరుకు చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. గ్రీన్‌కార్డు మెడికల్‌లో మనసు విషయంలో ముఖ్యంగా చూసేది తనకో ఇతరులకో హాని చేసేంత ప్రవర్తన ఉందా అని. అంతేగానీ దిగులుకు మందు వాడిన ప్రతివాళ్ళనూ వెనక్కి పంపరు. భర్త పక్కనుంటే చెప్పలేకపోతున్నారా? "డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలి" అనండి చాలు, ఆయన్ను బయట కూర్చోబెడతారు. ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను అడగండి, ఆస్పత్రులు ఫోన్లోనైనా ఏర్పాటు చేస్తాయి, అందుకు మీ దగ్గర డబ్బు తీసుకోరు. నొప్పి ఎప్పుడు మొదలైందో, ఆ నెలలో ఇంట్లోనో ఆఫీసులోనో ఏం జరిగిందో పక్కపక్కనే రాసుకుని వెళ్ళండి. "జూన్‌లో ఉద్యోగం పోయింది, వీసా నిలవాలంటే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, అప్పటినుంచే మెడ నొప్పి" అని ఒక్క వాక్యం చెబితే వైద్యం దారే మారుతుంది. ఇంకోటి, ఏడాదికోసారి ఉచితంగా చేసే చెకప్‌లో ఈ నొప్పి సంగతి ఎత్తితే దాన్ని వేరే విజిట్‌గా లెక్కగట్టి బిల్లు పంపవచ్చు. ముందే అడిగి తెలుసుకోండి, ఆ కాస్త డబ్బు కోసం నోరు మూసుకోకండి.

కౌన్సెలింగ్ అనగానే ముఖం చిట్లించేవాళ్ళకు: చాలా కంపెనీల్లో ఈఏపీ అని ఉద్యోగులకు కౌన్సెలింగ్ లాంటి సాయం చేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది, కొన్ని సెషన్లు ఉచితం. స్టూడెంట్లయితే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటరుకు వెళ్ళండి, దానికి చాలాచోట్ల మీ ఫీజులోనే డబ్బు కట్టేసి ఉంటారు. ఫిజికల్ థెరపీ కూడా దీంతోపాటే నడవాలి, ఒకటి చేస్తే రెండోది అక్కర్లేదని కాదు. చచ్చిపోవాలనిపించేంత బాధగా ఉంటే 988కి ఫోన్ చేయండి, అర్ధరాత్రైనా ఎత్తుతారు.

సూట్‌కేసులో తెచ్చుకున్న మందుల గురించి కూడా చెప్పాలి. డోలో 650, ఇక్కడి టైలెనాల్ రెండూ ఒకటే మందు, పేర్లే వేరు. అదీ ఇదీ కలిపి మింగితే లివరుకు ముప్పు. తలనొప్పికని నెలలో సగం రోజులు మాత్ర వేసుకుంటూ మూడు నెలలు దాటితే, ఆ మాత్రల వల్లే కొత్త తలనొప్పి పట్టుకోవచ్చు. నిద్రకోసం ఊరి నుంచి ఎవరిచేతో తెప్పించుకునే ఆల్ప్రాజొలామ్ జోలికి అసలు పోకండి, అలవాటైతే మానడం చాలా కష్టం.

కూతురికో కోడలికో పురిటికి సాయంగా ఊరి నుంచి వచ్చిన అమ్మలదీ ఇదే కథ. ఊళ్ళో పొద్దున్నే పాలవాడితో మొదలుపెట్టి వీధంతా పలకరించే మనిషి ఇక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటిపడే ఇంట్లో పసిబిడ్డతో ఒక్కతే కూర్చుంటుంది. నెల తిరక్కుండానే మోకాళ్ళు, నడుము, అరికాళ్ళ మంటలు. విజిటర్ ఇన్సూరెన్స్ చాలావరకు పాత జబ్బులకు పనికిరాదు కాబట్టి ఊళ్ళో ఆమెను చూసే డాక్టరుతోనే వీడియోలో మాట్లాడించండి, మందులు వచ్చేటప్పుడే సరిపడా తెచ్చుకోమనండి. వారాంతంలో గుడికో, తెలుగువాళ్ళింటికో తీసుకెళ్ళండి. "అమ్మా, ఇక్కడ నీకేం తోచట్లేదు కదూ" అని మీరే అడగండి. మోకాళ్ళ గురించి అడిగితే మోకాళ్ళ గురించే చెబుతుంది.