ఫిలిప్పోలిస్‌కు పేరిచ్చిన మిషనరీ ఆ ఊరి జాబితాలో ఎందుకు లేరు?

దక్షిణాఫ్రికాలోని ఫిలిప్పోలిస్ అనే ఊరి గురించి వ్యాసం రాస్తున్నప్పుడు, దానికి పేరిచ్చిన మిషనరీ అక్కడ పనిచేసినవారి జాబితాలో మీకు దొరకకపోవడానికి కారణం, బహుశా, ఆయన ఆ ఊళ్లోనే కాపురమున్నారని అనుకుని వెతకడమే. ఆ పేరు డాక్టర్ జాన్ ఫిలిప్‌ది. 1819లో కేప్‌కు (దక్షిణాఫ్రికాలోని అప్పటి బ్రిటిష్ వలసకు) వచ్చిన ఆయన లండన్ మిషనరీ సొసైటీకి సూపరింటెండెంట్‌గా (పర్యవేక్షకుడిగా) కేప్‌టౌన్‌లో ఉంటూ, లోతట్టు కేంద్రాలను పర్యటనల్లో చూసి వెళ్లేవారు.

1. ఊరిని ఎవరు నెలకొల్పారు, ఎవరు నివసించారు, ఎవరి పేరు పెట్టారు అన్న మూడింటినీ విడివిడిగా రాసుకోండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఈ కేంద్రం 1823లో సొసైటీ తరఫున మొదలైంది. 1826లో రెండవ ఆడమ్ కోక్ నాయకత్వంలో గ్రిక్వాలు (ఖోయ్‌ఖోయ్, యూరోపియన్ మిశ్రమ సంతతి ప్రజలు) వచ్చి స్థిరపడ్డాకే అది ఊరుగా నిలదొక్కుకుంది. పేరు పర్యవేక్షకుడిది, బతుకు గ్రిక్వాలది; 1860ల మొదట్లో వారు ఆ నేల విడిచి నేటి కోక్‌స్టాడ్ ఊరి వైపు తరలిపోయిన సంగతి కూడా మీ వ్యాసంలో తప్పక ఉండాలి.

2. దక్షిణాఫ్రికాలోనే ఉన్న హాంకీ అనే ఊరితో పోల్చి చూడండి; ఊరి పేరును బట్టి అక్కడ ఎవరున్నారో తేల్చలేమని తెలుస్తుంది. దానికి సొసైటీ కోశాధికారి పేరు పెట్టారు; ఫిలిప్ 1851లో కన్నుమూసింది మాత్రం అక్కడే.

3. సొసైటీ పత్రాలు లండన్‌లోని సోయాస్ (SOAS అనే విశ్వవిద్యాలయ సంస్థ) గ్రంథాలయంలో ఉన్నాయి. ఫిలిప్ ఉత్తరాలను ఊరి పేరుతో కాకుండా, కేప్‌టౌన్ నుంచి వచ్చినవాటిలో వెతకండి.