పాక వేస్తామా, కడతామా?

సందేహం: మాది శ్రీకాకుళం జిల్లా. బడిపిల్లలకు వేసవి శిబిరం నడుపుతాను. అడవిలో చిక్కుకుపోతే కొమ్మలతో, ఆకులతో, రాళ్లతో ఎలా నెట్టుకురావాలో చెప్పే చిన్న పుస్తకం ఇంగ్లీషు నుంచి తెలుగు చేశాను. ఒక అధ్యాయానికి ‘శిథిల కుటీర నిర్మాణము’ అని పేరు పెట్టాను. ‘ఆశ్రయమును నిర్మించుకొనుటకు ముందుగా...’ అని మొదలుపెట్టాను. ఒక కుర్రాడు, ‘సార్, శిథిలమంటే పడిపోయిందే కదా, అందులో ఎందుకు పడుకోవాలి?’ అన్నాడు. ఇంటికొచ్చి మా నాన్నగారిని అడిగితే ‘ఇల్లు కడతాం, పాక వేస్తాం, నిర్మించడమేట్రా’ అన్నారు. కట్టడానికీ వేయడానికీ తేడా ఏమిటి? నేనేం రాయాలి?

సమాధానం: ముందు ఆ కుర్రాడికి ఒక మార్కు ఎక్కువ వేయండి. శిథిలం కావాలంటే అది ఒకప్పుడు నిలబడి ఉండాలి. కోటలు శిథిలమవుతాయి, గుళ్లు శిథిలమవుతాయి. చెట్టు కింద రాలిన ఆకుల కుప్ప శిథిలం కాదు. మీ ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నది పుల్లా పుడకా, ఎండుటాకూ పోగేసి చేసుకునే గూడు. దానికి తెలుగులో మాట సిద్ధంగానే ఉంది, ఆకులలములు. వాటితో కప్పుకున్నది ‘ఆకులలముల గూడు’. ‘ఆకుల గూడు’ అన్నా చాలు.

‘ఆశ్రయం’ కూడా అక్కడ అతకదు. ఆశ్రయం ఒకరు ఇస్తే ఇంకొకరు పొందేది. రాజు ఇస్తాడు, చుట్టం ఇస్తాడు, చెట్టు ఇచ్చిందన్నా ఒప్పుకుంటాం. కొమ్మలు నరికి తయారుచేసుకునేది కాదది. వానొస్తే, చీకటి పడితే మనం చేసేది తలదాచుకోవడం. మీ అధ్యాయానికి ‘తలదాచుకునే చోటు’ అని పేరు పెడితే ఎవరూ లేచి నిలబడి ప్రశ్నలు వేయరు.

ఇక కట్టు, వేయు. మీ నాన్నగారు చెప్పింది సరైనదే. సాక్ష్యం సామెతల్లో ఉంది. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అంటాం. ‘ఇల్లు పీకి పందిరి వేశాడు’ అంటాం. రెండో సామెతలో ఎగతాళంతా కట్టినదాన్ని పీకి, వేసేదాన్ని వేయడంలోనే ఉంది. కట్టింది ఉండిపోయేది, వేసింది రేపో మాపో తీసేసేది. పందిరి, గుడారం, మంచం, చాప అన్నీ వేసేవే. ‘మరి రోడ్డు కూడా వేస్తారుగా, అది తీసేస్తారా?’ అని మీరడగొచ్చు. అక్కడ వేయడమంటే పరవడం. (కొన్ని రోడ్ల సంగతి చూస్తే మొదటి అర్థమూ సరిపోతుంది, అది వేరే గొడవ.)

కట్టు అంటే అసలు అర్థం ముడిపెట్టి బిగించడం. గడ్డిమోపు కడతాం, గాయానికి కట్టు కడతాం. తొలి ఇళ్లకు ఇటుకా లేదు, మేకూ లేదు. రాట పాతి, దాని మీద దూలం నిలిపి, వాసాలు వాల్చి, నారతో బిగించి కట్టినదే ఇల్లు. తమిళంలోనూ కన్నడంలోనూ ఇదే మాట ఇవే రెండు అర్థాల్లో ఉంది కాబట్టి ఈ జ్ఞాపకం చాలా పాతదే. ఇప్పుడు ఇటుకకూ సిమెంటుకూ ముడి వేసేవాడు లేకపోయినా, అపార్టుమెంట్లు కూడా కడుతూనే ఉన్నాం. ‘పాక కట్టాం’ అన్నా తప్పు లేదు. చుట్టూ మట్టిగోడ లేచిందంటే వేసిన పాకే కట్టిన పాక అవుతుంది.

మా చిన్నప్పుడు విజయనగరం దగ్గర మా ఊళ్లో, కల్లంలో ఏటా ఒక పాక లేచేది. మా ఇంటి కంబారి, అంటే పాలేరు, దాన్ని లేపుతుంటే నేను తాటికమ్మలు అందించేవాణ్ణి. ఒకసారి పైవరస నుంచి పరుస్తూ వస్తే తొందరగా అయిపోతుంది కదా అన్నాను. ఆయన నోట్లో ఉన్న నార తీసి, ‘కిందనుంచి ఏసుకుని పైకెల్లాల బాబూ. లేపోతే నీలన్నీ నీ నెత్తిమీదే’ అన్నాడు. కింది వరస మీదికి పై వరస ఎక్కితేనే నీరు జారుతుంది, పెంకులదీ ఇదే లెక్క. మీ పుస్తకంలో ‘ఆకులను పేర్చవలెను’ అని ఉండి ఉంటుంది. పేర్చడం ఇటుకలకు, పిడకలకు. కమ్మలు వరస మీద వరసగా కప్పుతారు. కప్పు నేయడం అన్న మాటా ఉంది. తడక అల్లుతారు, దాని మీద మట్టి మెత్తుతారు, ఆ పైన అలుకుతారు. ఒక్క పాకకు ఇన్ని క్రియలుండగా అన్నిటికీ ‘నిర్మించు’ ఒక్కటే రాస్తే, చదివే పిల్లవాడికి చేత్తో ఏం చేయాలో తెలియదు.

కమ్మ గురించి ఒక ముక్క. తాటికమ్మ ఇంటికి కప్పు, చెవికి నగ, పాత తెలుగులో ఉత్తరం కూడా. చెవికమ్మ మొదట తాటాకు చుట్టే మరి.

మన తీరంలో చుట్టిళ్లు చూసే ఉంటారు. గుండ్రటి మట్టిగోడ, మీద శంకువులా దిగి దాదాపు నేలను తాకే తాటాకు కప్పు. ఎదురొడ్డే మూల లేదు కాబట్టి గాలి చుట్టూ తిరిగి పోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటిన జిల్లా పిల్లలకు గాలి సంగతి వేరే పాఠం చెప్పక్కర్లేదు. మీరు ‘వృత్తాకార నివాసము’ అని రాసినచోట చుట్టిల్లు అని రాయండి. ఒక పక్కకే వాలుండేదాన్ని ‘ఒంటివాలు పాక’ అనండి, ఇది నేను కూర్చిన మాటే, పిల్లలు ఒప్పుకుంటే ఉంచండి. గెడ్డ ఒడ్డున వేయొద్దని రాయడం మరిచిపోకండి. అక్కడ ‘వాగు’ అంటే మనవాళ్లకు అర్థం కాదని కాదు, గెడ్డ అంటే పైన కొండ మీద కురిసిన వాన కళ్లముందుకొస్తుంది.

తాడు దగ్గర మీరు ‘మెలిపెట్టి’ అని సరిపెట్టి ఉంటారు. ఒక్కో పోగుకు ఎక్కించేది పురి, రెండు పోగుల్ని ఎదురు దిశలో కలిపేది పేనడం. ఆ ఎదురుబొదురు వల్లే తాడు విడిపోదు. కొండల్లో అడ్డతీగ నార ఇందుకు బాగా పనికొస్తుంది. విప్పాల్సినచోట జారుముడి, విప్పక్కర్లేనిచోట పీటముడి.

పనిముట్లలో ‘చేతిగొడ్డలి’ నాకూ ఇబ్బందే. గొడ్డలి అన్నాక కామ ఉండాలి. ఆదిమానవుడి చేతిగొడ్డలికి కామా లేదు, పిడీ లేదు, అరచేతిలో ఇమిడే రాయి అది. పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది కాబట్టి ఉంచేయండి. ‘రాతిని విచ్ఛిన్నము చేసి’ మాత్రం తీసేయండి. రాయితో రాయిని కొట్టి పెచ్చు లేపుతాం, ఆ పెచ్చుకే వాదర ఉంటుంది. మొన చెక్కిన కర్ర తవ్వుకోల. నిప్పు పుట్టిస్తాం, రాజేస్తాం, చలిమంట వేసుకుంటాం. ‘అగ్నిని తయారు చేయుట’ వంటశాలలో కూడా జరగదు.

మన దేశంలో పాతరాతియుగపు పనిముట్టు మొదటిసారి భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్‌కు మద్రాసు దగ్గర పల్లావరంలో దొరికింది 1863లో. మీ జిల్లా పర్వతాలపేటలో గిడుగు రామమూర్తి పుట్టిందీ ఆ ఏడే. కొండల్లోకి వెళ్లి సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి, ‘నిర్మించుకొనుటకు’ లాంటి రాతతో జీవితమంతా తగాదా పడ్డాడు. ఆయన జిల్లాలో అచ్చవుతున్న పుస్తకంలో ఆ ‘టకు’లు ఎందుకు చెప్పండి? ‘ఆదిమ నివాసములు’ అన్న శీర్షికనూ మార్చండి. మీ శిబిరానికి సీతంపేట వైపు సవర ఊళ్ల నుంచి వచ్చే పిల్లలుంటే, వాళ్ల తాత నిన్నటిదాకా ఉన్న ఇంటికి అది పేరవుతుంది.

మీ మొదటి పేరా ఇలా ఉంటే బాగుంటుందని నా ఉద్దేశం: ‘చీకటి పడకముందే తలదాచుకునే చోటు చూసుకోండి. గెడ్డకు దూరంగా, ఎండుకొమ్మలు వేలాడని చెట్టు దగ్గర వెతకండి. గాలికి వీపు పెట్టి పాక వేయండి. మీ ఒళ్లు పట్టేంతే చాలు, పెద్దదైతే వెచ్చదనం నిలవదు. నేల చలి లాగేస్తుంది, అందుకని కింద ఆకులు మందంగా పరవండి. కప్పు మాత్రం కిందనుంచి వేసుకుంటూ పైకి వెళ్లండి.’