పడవకి ఊపిరి ఉంటుందా?

విశాఖపట్నం

తమ్ముడూ,

నీ ఇంగ్లీషు కథ రెండుసార్లు చదివాను. ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం పాట బాగా కుదిరింది. తుఫానులో బోటు 'డ్రౌన్' అయిందని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. ముప్పై ఏళ్ల కిందట సరిగ్గా అదే తప్పు రాసి పత్రిక డెస్క్‌లో పెద్దాయన చేత చీవాట్లు తిన్నాను. "పడవకి ఊపిరి ఉంటుందా?" అన్నాడాయన.

డ్రౌన్ అంటే నీళ్లలో ఊపిరాడక చనిపోవడం. అది మనిషికి, మేకకి వాడే మాట. పడవ, రాయి, వేలి ఉంగరం 'సింక్' అవుతాయి. మనకి అన్నీ మునగడమే కాబట్టి తేడా తట్టదు. బీచ్ రోడ్డులో ఒడ్డున పెట్టిన కురుసుర జలాంతర్గామి ఉంది కదా, 2001 దాకా నేవీలో ఉన్నన్నాళ్లూ మునుగుతూ తేలుతూ ఉండటమే దాని ఉద్యోగం. ఆ మునకకి 'సింక్' అని రాస్తే లోపలివాళ్ల ఇళ్లలో ఏడుపులు మొదలవుతాయి. అక్కడ 'డైవ్' అనాలి.

ఇంకో మెలిక ఉంది. 1971 డిసెంబరులో మన తీరానికి దగ్గర్లోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మన నేవీ అంటుంది. ప్రమాదవశాత్తు పేలుడు జరిగి మునిగిందని పాకిస్తాన్ అంటుంది. 'శాంక్' అని రాస్తే నువ్వు ఎవరి జోలికీ పోలేదు. 'వాజ్ సంక్' అన్నావో, ఎవరో ముంచారని ఒప్పేసుకున్నట్టే. మునుగు, ముంచు అని మనం వేరుగా చెప్పేదాన్ని ఇంగ్లీషు ఒకే క్రియతో నడిపిస్తుంది. 'రైజ్', 'రెయిజ్' దగ్గర మాత్రం రెండు మాటలున్నాయి, వాటికి టెన్షన్ పడకు. లేవడం, లేపడం, అంతే. ఆర్కే బీచ్‌లో సూర్యుడు తనంతట తనే లేస్తాడు, చెయ్యి నువ్వు ఎత్తాలి.

నిఘంటువులో అర్థం చూసి ఊరుకోకు, ఆ క్రియ పక్కన ఎవరు కూర్చుంటారో చూడు. 'స్టీల్' పక్కన పోయిన వస్తువు వస్తుంది. 'రాబ్' పక్కన పోగొట్టుకున్న మనిషో, బ్యాంకో వస్తుంది. నీ దొంగలు పర్సుని 'రాబ్' చేశారు. పాపం, ఆ పర్సు ఏడ్చుకుంటూ పోలీస్ స్టేషన్‌కి వెళ్లాలి. 'సెడ్ మీ' అని రెండు చోట్ల ఉంటే కొట్టేశాను. క్రియ పక్కనే మనిషి రావాలంటే 'టోల్డ్' కావాలి.

'సెడ్' మాటిమాటికీ వస్తోందని ఎవరో భయపెట్టినట్టున్నారు, పేజీ నిండా 'ఎక్స్‌క్లెయిమ్డ్'లు దింపావు. తెలుగు కథలో 'అన్నాడు' ఎన్నిసార్లు వచ్చిందో ఎప్పుడైనా లెక్కపెట్టావా? ఇంగ్లీషు చదివేవాళ్లూ లెక్కపెట్టరు.

ఇక ఆఖరి పేజీ. ముసలాయన కొడుకు బోటు కోసం పొద్దుటి నుంచీ సముద్రాన్ని 'సీ' చేస్తూ కూర్చున్నాడు. 'సీ' అంటే కంటబడటం. 'లుక్' అంటే అటు చూపు తిప్పడం. 'వాచ్' అంటే కదిలేదాన్ని, జరగబోయేదాన్ని కనిపెట్టుకుని ఉండటం. పొద్దున ఆయన చేసిన పనీ, చీకటి పడ్డాక చేసిన పనీ ఒకటి కాదేమో. ఆ పేరా మళ్లీ రాసి ఆదివారం పట్టుకురా. మద్దిలపాలెంలో బస్సు దిగగానే ఫోన్ చెయ్యి, మా సందు కనుక్కోవడం కష్టం.

మీ అన్నయ్య