4ఏడీ మాడ్యూల్ విలువలు కంప్యూటర్‌లోకి రావడం లేదు

ప్రశ్న: మిత్సుబిషి ఎఫ్‌ఎక్స్‌2ఎన్ పీఎల్‌సీకి (యంత్రాలను నడిపే కంట్రోలర్) 4ఏడీ అనలాగ్ మాడ్యూల్, ఆర్‌ఎస్-485 లైను కోసం 485-బీడీ బోర్డు పెట్టాం. అక్కడి నుంచి రెండు వైర్లతో, యూఎస్‌బీ కన్వర్టర్ ద్వారా కంప్యూటర్‌కి కలిపాం. మాడ్యూల్ బఫర్ మెమరీ చదవడానికి టీఆర్ కమాండ్ పనిచేయడం లేదు. పీఎల్‌సీ డేటా దాచే డి రిజిస్టర్లు చదివినా ఒకసారి జవాబు వస్తుంది, మరోసారి రాదు. ఎక్కడ చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, జీడిమెట్ల

జవాబు: టీఆర్ మీద ఇక సమయం పెట్టకండి. అది ‘ఏ’ (A) సిరీస్ వంటి పెద్ద పీఎల్‌సీల సీ24 కమ్యూనికేషన్ మాడ్యూళ్లకు ఉన్న కమాండ్. ఎఫ్‌ఎక్స్ కంప్యూటర్ లింక్‌లో లేదు. బఫర్ మెమరీని ముందు లాడర్‌లోనే (పీఎల్‌సీ ప్రోగ్రామ్‌లోనే) డి రిజిస్టర్లలోకి దించుకుని, వాటిని డబ్ల్యూఆర్ అనే చదివే కమాండ్‌తో చదవాలి.

పీఎల్‌సీ నడుస్తున్నంతసేపూ ఆన్‌లో ఉండే ఎం8000 కాంటాక్ట్ మీద ‘ఫ్రమ్ కె0 కె5 డి100 కె4’ రాయండి. నాలుగు ఛానళ్ల సగటు విలువలు డి100 నుంచి డి103 వరకు చేరతాయి. సగటు వద్దు, ఇప్పటి విలువే కావాలంటే కె5 బదులు కె9. మొదటి కె0 మాడ్యూల్ స్థానం. సీపీయూ దగ్గర నుంచి స్పెషల్ మాడ్యూళ్లను మాత్రమే లెక్కపెట్టాలి, మధ్యలో ఉన్న ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఎక్స్‌టెన్షన్లు లెక్కలోకి రావు. స్థానం మీద అనుమానం ఉంటే బఫర్ 30 చదవండి. 4ఏడీ అయితే అక్కడ 2010 ఉంటుంది. బఫర్ 29లో బిట్ 2 వెలిగితే మాడ్యూల్‌కి 24 వోల్టుల సప్లై సరిగా లేదని అర్థం.

ఇక జవాబు వచ్చీ రాకపోవడం. కమ్యూనికేషన్ సెట్టింగ్ ఉండే డి8120లో హెచ్6086 (హెక్స్ విలువ) వేయండి: 9600 బాడ్, 7 బిట్లు, ఈవెన్ పారిటీ, 1 స్టాప్ బిట్, సమ్ చెక్, ఫార్మాట్ 1. స్టేషన్ నంబర్ డి8121లో 0. ఇవి మార్చాక పీఎల్‌సీ పవర్ ఆపి మళ్లీ ఇవ్వకపోతే పాత సెట్టింగే నడుస్తుంది. చాలామంది ఇక్కడే గంటలు పోగొట్టుకుంటారు. ప్రోగ్రామ్‌లో ఆర్‌ఎస్ ఇన్‌స్ట్రక్షన్ ఉంటే తీసేయాలి.

పంపాల్సిన ఫ్రేమ్ వరుసగా: ఫ్రేమ్ మొదలును తెలిపే ఈఎన్‌క్యూ (05), స్టేషన్ 00, పీసీ నంబర్ ఎఫ్‌ఎఫ్, డబ్ల్యూఆర్, వెయిట్ 7, డి0100, సంఖ్య 04, సమ్ 35. మీ తేడా బహుశా ఆ వెయిట్ అంకెలోనే ఉంది. అది 10 మిల్లీసెకన్ల లెక్క. ఒకే జత వైర్లతో నడిపేటప్పుడు 7 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. 0 పెడితే కన్వర్టర్ పంపడం ముగించి వినడానికి తిరిగేలోపే పీఎల్‌సీ మాట్లాడేస్తుంది, జవాబు మొదటి అక్షరాలు గల్లంతవుతాయి. స్కాన్ టైమ్ 70 మిల్లీసెకన్లు దాటితే వెయిట్ ఇంకా పెంచాలి. బోర్డు మీద ఎస్‌డీఏని ఆర్‌డీఏతో, ఎస్‌డీబీని ఆర్‌డీబీతో కలిపి, లైను రెండు కొసల్లో 110 ఓమ్ రెసిస్టర్ పెట్టండి.

సమ్ అంటే ఈఎన్‌క్యూ తర్వాతి అక్షరాల ఆస్కీ కోడ్‌లన్నీ కూడి, చివరి బైట్‌ను రెండు హెక్స్ అక్షరాలుగా రాయడం. వెయిట్ 0 నుంచి 7కి మారితే సమ్ 2ఈ నుంచి 35కి మారుతుంది. అది మార్చడం మరిస్తే నాక్‌తో (తిరస్కరణ జవాబుతో) పాటు ఎర్రర్ 02 వస్తుంది. జవాబులో మాత్రం డేటా ముగింపును తెలిపే ఈటీఎక్స్‌ను కూడా కలిపి కూడాలి. హెక్స్ అక్షరాలు పెద్దబడిలోనే ఉండాలి. సంఖ్య కూడా హెక్సే: 10 రిజిస్టర్లు కావాలంటే 0ఏ అని పంపాలి, 10 అని పంపితే 16 వస్తాయి.

ప్రశ్న: ఇన్‌పుట్ దాదాపు సున్నా ఉన్నప్పుడు 65526 చూపిస్తోంది. మాడ్యూల్ పోయిందా?

జవాబు: పోలేదు. వచ్చింది ఎఫ్‌ఎఫ్‌ఎఫ్6, అంటే మైనస్ 10. విలువ 32767 దాటితే 65536 తీసేయండి. ±10 వోల్టుల రేంజ్‌లో ఒక్కో అంకె 5 మిల్లీవోల్టులు కాబట్టి ఇది మైనస్ 50 మిల్లీవోల్టులు. ఆ ఛానల్‌కి 4–20 మిల్లీయాంపుల ట్రాన్స్‌మిటర్ కలిపి ఉంటే మాత్రం బఫర్ 0 చూడండి. ఫ్యాక్టరీ నుంచి అన్ని ఛానళ్లూ ±10 వోల్టుల్లోనే వస్తాయి. బఫర్ 0లో ఆ ఛానల్ అంకె 1 చేయాలి.